హైదరాబాద్‌కు ఒంటరిగా వచ్చేవాళ్ళ ఒక్క రోజు గురించి: చూసే చోట్లను నడిపే అధికారులకు బహిరంగ లేఖ

చార్మినార్, గోల్కొండలను చూసుకునే కేంద్ర పురావస్తు శాఖకు, కుతుబ్‌షాహీ సమాధుల బాధ్యత ఉన్న రాష్ట్ర వారసత్వ శాఖకు, సాలార్‌జంగ్ మ్యూజియం బోర్డుకు, చౌమహల్లా ప్యాలెస్ ట్రస్టుకు, పర్యాటక శాఖకు, ఆర్టీసీకి, మెట్రోకు, రైల్వేకు, నగరపాలక సంస్థకు,

నమస్కారం.

ఇంతమందిని ఒకే ఉత్తరంలో పిలవడానికి కారణముంది. ఊరు చూద్దామని ఒక్కరే వచ్చినవాళ్ళకు మీరంతా వేరువేరని తెలియదు. వాళ్ళకు కనబడేది ఒకటే హైదరాబాద్, చేతిలో ఉండేది ఒకటే రోజు. మీ మీ గేట్ల లోపల పని చాలావరకు సవ్యంగానే నడుస్తోంది. టికెట్లు ఇస్తున్నారు, మెట్లు ఊడుస్తున్నారు, గోడలు బాగుచేస్తున్నారు. రోజంతా వృథా అయ్యేది ఒక గేటు దాటి ఇంకో గేటు చేరేలోపు. ఆ మధ్యలో జరిగేది ఎవరి లెక్కలోకీ రావడం లేదు. పాతబస్తీలో, గోల్కొండలో వచ్చినవాళ్ళకు దారి చూపే పనిలో ఉన్నవాళ్ళం కాబట్టి, ఆ లెక్క మేం రాస్తున్నాం.

నలుగురు కలిసి కారులో వస్తే ఈ ఇబ్బంది పెద్దగా తెలియదు. సామాను డిక్కీలో ఉంటుంది. ఒకరు క్యూలో నిలబడితే ఇంకొకరు నీళ్ళు తెస్తారు, మూడోవాళ్ళు ఆటో బేరం చూస్తారు. ఒక్కరే వస్తే ఇవన్నీ ఒకరే చేయాలి, అదీ భుజాన బ్యాగు దించకుండా. ఊరు వాళ్ళకు ఎంత అనుకూలంగా ఉందో చూస్తే, ముసలివాళ్ళకు, పసిపిల్లల తల్లులకు ఎక్కడ కష్టమవుతుందో కూడా అర్థమవుతుంది.

ముందు శుక్రవారం సంగతి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. చౌమహల్లాకూ శుక్రవారమే. పురానీ హవేలీలో ఉన్న నిజాం మ్యూజియానికీ, కుతుబ్‌షాహీ సమాధులకూ అదే రోజు. శని, ఆదివారాలకు ముందు ఒక రోజు సెలవు కలుపుకుని బయల్దేరేవాళ్ళు గురువారం రాత్రి బండెక్కుతారు. విశాఖ నుంచైనా, బెంగళూరు నుంచైనా దిగేది శుక్రవారం పొద్దున. ఒకటే రోజు చూసి మర్నాడు ఇంకో ఊరు పోవాలనుకున్నవాళ్ళకు నాలుగు గేట్లు ఒకేసారి మూసి ఉంటాయి. వాళ్ళు ముందు సాలార్‌జంగ్ దాకా వెళ్ళి, గేటు దగ్గర తెలుసుకుని, చౌమహల్లాకు ఆటో మాట్లాడుకుని, అక్కడా అదే మాట వింటారు. అలా పదకొండున్నర దాటుతుంది. అప్పుడు గోల్కొండ బయల్దేరితే ఎక్కాల్సింది నడినెత్తిన ఎండలో.

పాతబస్తీలో శుక్రవారం సెలవుకు అర్థముంది. జుమ్మా నమాజు వేళ మక్కా మసీదు చుట్టూ రోడ్లు నిండిపోతాయి, సిబ్బందిలో చాలామందికి నమాజు ఉంటుంది. ఆ సెలవు తీసేయమని మేం అడగడం లేదు. కుతుబ్‌షాహీ సమాధుల మాట వేరు. అవి గోల్కొండ పక్కన ఉన్నాయి, చార్మినార్‌కు దాదాపు పది కిలోమీటర్ల దూరం. గోల్కొండకు వారపు సెలవు లేదు. సమాధుల సెలవును మంగళవారానికో బుధవారానికో మార్చినా చాలు, శుక్రవారం వచ్చినవాళ్ళకు ఊరి పడమటి వైపు ఒక పూట నిండుగా దొరుకుతుంది. 2013 నుంచి పదేళ్ళకు పైగా కష్టపడి ఆ గుమ్మటాలకు సున్నపు పూత తిరిగి వేయించారు, పాత మెట్ల బావులు బాగుచేశారు. అంత పని చేసి, జనం వచ్చే రోజున తలుపు మూసుకోవడం మాకు బాధగా ఉంది.

సెలవు మార్చడానికి ఫైళ్ళు కదలాలి, అది మాకు తెలుసు. ఆలోపు ఒక బోర్డు చాలు. నాంపల్లి, సికింద్రాబాద్, కాచిగూడ, చర్లపల్లి స్టేషన్లలో, ఎంజీబీఎస్ బస్టాండ్‌లో, శంషాబాద్ విమానాశ్రయంలో పుష్పక్ బస్సు ఎక్కే చోట పెద్ద అక్షరాలతో పెట్టండి: ‘ఈ రోజు ఏవి తెరిచి ఉన్నాయి, చివరి టికెట్ ఎన్నింటికి’. చివరి టికెట్ అన్న మాట తప్పక ఉండాలి. గేటు మూసే వేళ వేరు, టికెట్ కిటికీ మూసే వేళ వేరు. అన్నిచోట్లా మొదటిది రాస్తారు, మనిషి వెనక్కి వెళ్ళేది రెండోదాని వల్ల. చార్మినార్ సాయంత్రం ఐదున్నరకు మూస్తారని చదివి ఐదుంబావుకు వచ్చేవాళ్ళ సంగతి మీ సిబ్బందికి బాగా తెలుసు.

ఇక సామాను. ఒంటరిగా వచ్చినవాళ్ళ రోజును నిర్ణయించేది ఇదే. రాత్రి మళ్ళీ బండెక్కే మనిషి లాడ్జి తీసుకోడు, బ్యాగు వీపు మీదే ఉంటుంది. రైల్వే క్లోక్‌రూమ్ ఉంది, ధర కూడా తక్కువే. దానికి రెండు షరతులు: ప్రయాణం టికెట్ చూపాలి, బ్యాగుకు తాళం ఉండాలి. జిప్పు మాత్రమే ఉన్న బ్యాక్‌ప్యాక్ తెచ్చినవాళ్ళను వెనక్కి పంపుతారు. రెండు జిప్పు తలలను కలిపి వేసే చిన్న తాళం కప్ప ఉంటే తీసుకుంటారు. ఆ మాట ఎక్కడా రాసి ఉండదు, క్యూ చివర కిటికీ దగ్గర చెప్తారు. బస్సులోనో విమానంలోనో వచ్చినవాళ్ళకు రైలు టికెట్టే ఉండదు కాబట్టి ఆ దారీ లేదు. సాలార్‌జంగ్‌లో బ్యాగు తీసుకుని టోకెన్ ఇస్తారు, అది లోపల తిరిగినంతసేపే.

చార్మినార్ దగ్గర ఇది ఎలా తగులుతుందో దగ్గరగా చూడండి. మినార్ లోపలి మెట్లు చుట్టూ తిరుగుతూ పోతాయి. లోపలి అంచున అడుగు పూర్తిగా ఆనదు, బయటి గోడ వైపు ఆనుకుని ఎక్కాలి. మెట్టు ఎత్తు ఎక్కువ, వెలుతురు తక్కువ, దారి ఒక మనిషికే. వీపున నలభై లీటర్ల బ్యాగు ఉన్న మనిషి అందులో నిలువునా ఇరుక్కుంటారు. పైనుంచి ఎవరైనా దిగొస్తే ఇద్దరిలో ఒకరు వెనక్కి అడుగేయాలి. ఆ మెట్ల మీద వెనక్కి అడుగేయడమే ప్రమాదం. బ్యాగు ముందుకు తగిలించుకోండని మేం చెప్తాం, అప్పుడు కింది మెట్టు కనబడదు. అలాగని బ్యాగు కింద ఎవరికైనా అప్పగించి వెళ్ళమని ఏ బుద్ధున్నవాళ్ళూ చెప్పరు.

మేం అడిగేది ఇది. ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో ఒకటి, చార్మినార్ దగ్గర ఒకటి, తాళం వేసుకునే అరల గది పెట్టండి. అర లోపలి కొలత డెబ్భై సెంటీమీటర్ల లోతు, నలభై వెడల్పు, నలభై ఎత్తు ఉంటే బ్యాక్‌ప్యాక్ పడుతుంది, విమానంలో లోపలికి తీసుకెళ్ళే 55-35-25 సెంటీమీటర్ల పెట్టె కూడా పడుతుంది. ఇంతకన్నా చిన్నవి చేయిస్తే హ్యాండ్‌బ్యాగులకే పనికొస్తాయి. గది రాత్రి తొమ్మిదిన్నర దాకా తెరిచి ఉండాలి. ఐదున్నరకు మూసేస్తే పెట్టినా పెట్టనట్టే. చార్మినార్ దిగాక లాడ్ బజార్‌లో గాజులు చూడాలి, చాయ్ తాగాలి, దీపాలు వెలిగాక చార్మినార్‌ను బయటినుంచి చూడాలి. అప్పుడు కదా మనిషి స్టేషన్ వైపు తిరిగేది!

దారి సంగతి. నాంపల్లిలో దిగితే ఎర్ర గీత మెట్రోలో మూడో స్టేషనే ఎంజీబీఎస్. సికింద్రాబాద్‌లో దిగినవాళ్ళు సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కి, పక్క స్టేషన్ పరేడ్ గ్రౌండ్‌లో ఆకుపచ్చ గీతకు మారాలి. ఆ గీత చివరి స్టేషన్ ఎంజీబీఎస్. కొత్తవాళ్ళకు మారే స్టేషన్ అంటే అమీర్‌పేట పేరే తెలుసు. అందుకని అమీర్‌పేట దాకా పోయి ఎర్ర గీత పట్టుకుంటారు, ఊరు చుట్టినట్టవుతుంది. సికింద్రాబాద్ ఈస్ట్ ప్లాట్‌ఫామ్ మీద ‘చార్మినార్, సాలార్‌జంగ్ వెళ్ళేవారు పరేడ్ గ్రౌండ్‌లో మారండి’ అని ఒక వాక్యం రాస్తే చాలు. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక కొన్ని బండ్లు అక్కడే ఆగుతున్నాయి. అక్కడ మెట్రో లేదు. టికెట్ మీద స్టేషన్ పేరు చూడకుండా సికింద్రాబాద్ అనుకుని వచ్చినవాళ్ళు పొద్దున్నే చీకట్లో ఆటోవాళ్ళ చేతికి చిక్కుతారు. మొదటి ఆరేడు బండ్లు వచ్చే వేళకు సరిపోయేలా బస్సులు, వాటి వేళలు రాసిన పట్టిక ప్లాట్‌ఫామ్ బయట ఉండాలి.

ఎంజీబీఎస్ దాటాక పాతబస్తీలోకి మెట్రో ఇంకా రాలేదు. సాలార్‌జంగ్‌కు మూసీ దాటి పదిహేను, ఇరవై నిమిషాల నడక. అక్కడి నుంచి నయాపూల్, మదీనా మీదుగా పత్తర్‌గట్టీ వెంట చార్మినార్‌కు ఇంకో ఇరవై నిమిషాలు. దేశంలో ఇంత చిన్న నడకలో ఇంత చరిత్ర ఉన్న దారులు తక్కువ. ఒక ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, దాని దగ్గర పాత అసఫియా గ్రంథాలయం, ఇంకో ఒడ్డున హైకోర్టు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిని ముంచెత్తినప్పుడు ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ వరద తర్వాతే 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు, ఈ ఒడ్డు భవనాలు లేచాయి. ఇది తెలియని మనిషికి ఆ వంతెన మీద కనబడేది మురికినీరు, హారన్లు. వంతెన గోడకు ఒక పలక వేయించండి. నడక బోర్డులు కూడా కావాలి, కిలోమీటర్లలో కాదు, నిమిషాల్లో. కొత్త ఊళ్ళో ఒంటరి మనిషికి ‘1.2 కి.మీ.’ అంటే ఆటో ఎక్కాలా వద్దా అన్నది తేలదు. ‘నడిస్తే 15 నిమిషాలు’ అంటే వెంటనే తేలిపోతుంది. మదీనా చౌరస్తాలో నడిచేవాళ్ళు రోడ్డు దాటడానికి ఆగే సిగ్నల్ సరిగా పనిచేయాలి, ఈ దారి మొత్తంలో అదొక్కటే నిజంగా భయపెట్టే చోటు.

ఏది ముందు, ఏది తర్వాత అన్నది మీ కరపత్రాల్లో ఉండదు, చూసే చోట్లన్నీ వరసగా ఉంటాయి. ఒక్క రోజులో మూడు చోట్లు చూడొచ్చు, కష్టపడితే నాలుగు. ఏడెనిమిది పేర్లు ఇస్తే ఏదీ చూడనట్టే. పొద్దున తెరవగానే గోల్కొండ, పదకొండున్నరకల్లా సమాధులు, ఒంటిగంటన్నరకు మదీనా దగ్గర భోజనం, తర్వాత సాలార్‌జంగ్ లేదా చౌమహల్లా, నాలుగున్నరకల్లా చార్మినార్ టికెట్ కిటికీ. తలకిందులుగా, ముందు చార్మినార్ చూసి మధ్యాహ్నం గోల్కొండ పెట్టుకుంటే మెహదీపట్నం రద్దీ, ఎండ రెండూ తగులుతాయి. సాయంత్రం గోల్కొండ నుంచి తిరిగి రావడం ఇంకా కష్టం.

సాలార్‌జంగ్‌కు గంటన్నరే ఉన్నవాళ్ళు ఏ గదిలోకి పోవాలో తెలియక మొదటి అంతస్తులో పింగాణీ సామాను దగ్గరే పొద్దు గడిపేస్తారు. గంటన్నర దారి అని నేల మీద ఒక రంగు గీత గీయించండి: ముసుగు రెబెకా పాలరాతి బొమ్మ, ఒకే చెక్కలో ముందు మెఫిస్టోఫిలిస్, వెనక మార్గరెట్టా ఉన్న జంట బొమ్మ, ఆయుధాలు, గడియారం. గడియారం దగ్గర చిన్న మనిషి బొమ్మ బయటికొచ్చి ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొడుతుంది. అందుకే పన్నెండింటికి జనం కిక్కిరిసి ఉంటారు. ఒక్కరే వచ్చినవాళ్ళకు మేం రెండింటికో మూడింటికో వెళ్ళమంటాం. దెబ్బలు తక్కువైనా ముందు వరసలో నిలబడి బొమ్మను కళ్ళారా చూడొచ్చు.

గోల్కొండలో ఒంటరివాళ్ళకు పూర్తిగా అందని వింత ఒకటుంది. బాలా హిస్సార్ గేటు లోపల గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీది బారాదరి మండపం దగ్గర వినిపిస్తుంది. కింద కొట్టేవాళ్ళొకరు, పైన వినేవాళ్ళొకరు కావాలి. ఒక్కరే వచ్చిన మనిషి కింద కొట్టి వెళ్ళిపోతారు. పైకెక్కాక ఏదో చప్పుడు వినబడితే అది ఎక్కడిదో తెలియదు. దీనికి ఖర్చు లేని ఉపాయముంది. ప్రతి అరగంటకు సరిగ్గా అదే నిమిషానికి మీ కాపలా మనిషి ఒకరు గుమ్మటం కింద మూడుసార్లు చప్పట్లు కొట్టాలి, ఆ వేళలు పైన బోర్డు మీద రాసి ఉండాలి. మిగతా వేళ గుంపులు ఇష్టమొచ్చినట్టు కొడుతూనే ఉంటాయి, అయినా ఆ మూడు దెబ్బలు గుర్తుపట్టొచ్చు. దాదాపు 360 మెట్లెక్కిన మనిషికి ఆ మాత్రం దక్కాలి.

అదే కొండ మీద రామదాసు చెర ఉంది, తెలుగువాళ్ళు వెతుక్కుంటూ వచ్చే చోటు. తానీషా కాలంలో భద్రాచలం గుడికి సర్కారు సొమ్ము ఖర్చుపెట్టినందుకు కంచర్ల గోపన్నను పెట్టిన గది అని చెప్తారు. ఎక్కేటప్పుడు చూడాలో దిగేటప్పుడు చూడాలో చెప్పే గుర్తు స్పష్టంగా ఉంటే తెలియక దాటిపోయేవాళ్ళుండరు. ఆషాఢంలో బోనాలు మొదలయ్యేది ఈ కోట మీదే. ఆ ఆదివారాల్లో కొండ నిండా అమ్మవారి భక్తులే. ఆ సంబరం చూడాలని వచ్చేవాళ్ళకు అంతకన్నా మంచి రోజు లేదు, కోట నెమ్మదిగా చూడాలనుకునేవాళ్ళకు అంతకన్నా తప్పు రోజు లేదు. ఆ తేదీలు టికెట్ పేజీలో ముందే పెట్టండి.

కోట నుంచి సమాధులు బంజారా దర్వాజా మీదుగా రెండు కిలోమీటర్లలోపే. నడవొచ్చని ఎవరూ చెప్పరు, ఆటో బేరం మాత్రం పెద్దగా ఉంటుంది. గోల్కొండ, సాత్ గుంబద్ (కుతుబ్‌షాహీ సమాధులు), మెహదీపట్నం, చౌమహల్లా, చార్మినార్, సాలార్‌జంగ్ చుట్టి వచ్చే చిన్న బస్సు ఒకటి అరగంటకోసారి తిరిగితే ఈ ఉత్తరంలో సగం తీరిపోతుంది. టీ-24 అనే రోజు టికెట్ ఆర్టీసీకి ఇప్పటికే ఉంది. కండక్టర్ దగ్గర దొరుకుతుందని తెలిసినవాళ్ళు తక్కువ, దాన్ని చూసే చోట్ల కౌంటర్లలో కూడా అమ్మండి. 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఉన్న ఉచిత ప్రయాణం తెలంగాణ చిరునామా గుర్తింపు కార్డు ఉన్నవాళ్ళకే. విజయవాడ నుంచో కర్నూలు నుంచో ఒక్కతే వచ్చిన అమ్మాయి బస్సెక్కాక ఆ మాట విని అందరి ముందూ చిల్లర వెతుక్కునే పరిస్థితి రాకూడదు, బస్టాప్‌లోనే రాసి పెట్టండి.

టాయిలెట్ల గురించి సిగ్గుపడకుండా చెప్పాలి. ఒంటరి మనిషి బ్యాగు బయట పెట్టలేరు, లోపల తడి నేల మీద పెట్టలేరు. తలుపు లోపలివైపు గట్టి కొక్కేలు రెండు, భుజం ఎత్తులో అడుగు వెడల్పు అలమర పలక ఒకటి. ప్రతి గదికీ ఇంతే. ఒక కొక్కెం పెడితే అది మూడు నెలల్లో ఊడిపోతుంది, మరలు తలుపు రేకుకు కాకుండా లోపలి చట్రానికి దిగాలి. ఇది లేకనే చాలామంది ఆడపిల్లలు పొద్దుణ్ణుంచి నీళ్ళు తాగకుండా ఎండలో కోట ఎక్కుతున్నారు. కళ్ళు తిరిగి మెట్ల మీద కూర్చునేది అందుకే.

గైడు రుసుము గుంపుకు లెక్కిస్తారు, ఒక్కరైనా అంతే, నలుగురైనా అంతే. గైడ్ల కష్టానికి ఆ డబ్బు ఎక్కువ కాదు, తగ్గించమని అడగం. గోల్కొండలో పొద్దున తొమ్మిదిన్నరకు, చార్మినార్‌లో సాయంత్రం నాలుగుకు ఒంటరివాళ్ళంతా కలిసి చేరే నడక పెట్టండి, తలా ఇంత అని. తెలుగులో ఒకటి, హిందీ లేదా ఇంగ్లిష్‌లో ఒకటి. పదిమంది మించితే గల్లీల్లో వెనకవాళ్ళకు వినబడదు, అక్కడితో ఆపి రెండో గుంపు కట్టాలి.

ఫోన్ అంటే ఒంటరివాళ్ళకు పటం, పర్సు, టికెట్, కెమెరా, ఇంటికి కబురు. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఛార్జింగ్ అడుగంటుతుంది. ప్రతి టికెట్ కౌంటర్ పక్కన నాలుగు ప్లగ్గులు, కూర్చోవడానికి ఒక బల్ల. ఫోన్ ఆగిపోయిన మనిషికి నగదు తీసుకునే కిటికీ ఒకటి ఎప్పుడూ తెరిచి ఉండాలి, చిల్లరతో సహా.

సాయంత్రం గోల్కొండలో ధ్వని, కాంతి ప్రదర్శన అయ్యాక బయటికొచ్చేవాళ్ళందరికీ ఒకేసారి బండి కావాలి. కార్లున్నవాళ్ళు వెళ్ళిపోతారు. మిగిలినవాళ్ళను ఆటోలు రెట్టింపు అడుగుతాయి, యాప్ బండ్లు ఆ ఇరుకు దర్వాజాల్లోకి రావడానికి ఒప్పుకోవు. ప్రదర్శన ముగిసిన పదిహేను నిమిషాలకు కోట గేటు నుంచి మెహదీపట్నం మీదుగా నాంపల్లికి ఒక బస్సు వేయండి. ఆలస్యమైతే బస్సూ ఆగాలి, కాబట్టి కోటలోని మనిషి డ్రైవర్‌కు ఫోన్ చేసే ఏర్పాటు ఉండాలి. ఆడవాళ్ళ రక్షణకు 2014 నుంచి పోలీసుల షీ టీమ్స్ ఉన్న ఊరు ఇది. ఆ వేళకు ఇద్దరు ఆ గేటు దగ్గర కనబడేలా నిలబడితే ఒక్కతే వచ్చిన ఆడమనిషి ప్రదర్శన మధ్యలో లేచి పోనక్కర్లేదు.

బోర్డుల పాఠం తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్‌లలో మేం రాసిస్తాం, డబ్బు తీసుకోం. ఏ మలుపులో ఏ ఎత్తున పెట్టాలో కూడా గుర్తులు పెట్టి చూపిస్తాం, ఎందుకంటే మదీనా దగ్గర ఆరడుగులకన్నా కిందకు పెట్టిన ఏ బోర్డైనా తోపుడు బండ్ల వెనక కనబడకుండా పోతుంది. ముందుగా శుక్రవారం బోర్డు, టాయిలెట్ కొక్కేలు, చప్పట్ల వేళలు ఈ మూడూ చేయండి. వీటికి టెండరు అక్కర్లేదు. అరల గది, చుట్టు బస్సు విషయం మీ అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని తేల్చాలి. ఆ రోజు ఎప్పుడో చెప్తే కొలతలతో వస్తాం.

ఇట్లు,
పాతబస్తీ, గోల్కొండలలో వచ్చినవాళ్ళకు దారి చూపే కొందరం